చేతిలో రైఫిల్, వార్తల్లో రైఫిల్: అమెరికా తుపాకీదారుల ఫిర్యాదులో పస ఎంత?

2013 సెప్టెంబర్ 16 ఉదయం వాషింగ్టన్‌లోని నేవీ యార్డులో ఒక కాంట్రాక్టు ఉద్యోగి కాల్పులు జరిపి 12 మందిని చంపాడు. కొన్ని గంటలు తిరక్కుండానే టీవీ చానళ్లు అతని చేతిలో ఏఆర్-15 ఉందని చెప్పేశాయి. మర్నాడు పత్రికల్లోనూ అదే వచ్చింది. ఆ రైఫిల్‌ను నిషేధించాలన్న చర్చ మళ్లీ ఊపందుకుంది. తీరా ఎఫ్‌బీఐ చెప్పిందేమిటంటే, అతను లోపలికి తీసుకెళ్లింది రెమింగ్టన్ 870 అనే షాట్‌గన్. గొట్టాన్నీ, భుజానికి ఆనించే మడమనీ కోసి పొట్టిగా చేసుకున్న తుపాకీ అది. లోపలికి వెళ్లాక భద్రతా సిబ్బంది దగ్గర ఒక పిస్టల్ లాక్కున్నాడు. ఏఆర్-15 అనేది అక్కడ లేనే లేదు.

అమెరికాలో ఏఆర్-15 ఉన్నవాళ్లను కదిపితే ముందుగా బయటికొచ్చే ఉదాహరణల్లో ఇదొకటి. రాసేవాళ్లకు ఆ వస్తువు గురించి తెలియదు, తెలుసుకోవాలన్న పట్టింపూ లేదు అన్నది వాళ్ల ఫిర్యాదు. బయటివాళ్లు దీన్ని రెండు రకాలుగా కొట్టిపారేస్తారు. పిల్లలు చచ్చిపోతుంటే పదాల కోసం కొట్లాటా అని కొందరు, ఇదంతా తుపాకీ కంపెనీలు నేర్పిన పాట అని ఇంకొందరు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. అయినా ఫిర్యాదులో పస ఉంది. చిక్కల్లా ఏమిటంటే, వాళ్లు అడుగుతున్న ఖచ్చితత్వాన్ని పత్రికలు నిజంగానే పాటిస్తే, వార్త ప్రతిసారీ వాళ్లకు నచ్చేట్టు రాదు.

ఈ ఫిర్యాదు చేస్తున్నవాళ్లు గుప్పెడు మంది కాదు. 2022లో వాషింగ్టన్ పోస్ట్, ఇప్సోస్ సంస్థలు కలిసి చేసిన సర్వే ప్రకారం అమెరికా పెద్దల్లో ప్రతి 20 మందికి ఒకరి దగ్గర ఏఆర్-15 తరహా రైఫిల్ ఉంది. అంటే దాదాపు 1.6 కోట్ల మంది. తుపాకీ పరిశ్రమ సంఘమైన నేషనల్ షూటింగ్ స్పోర్ట్స్ ఫౌండేషన్ అదే ఏడాది చెప్పిన లెక్కలో ఇలాంటి రైఫిళ్లు 2.44 కోట్లు చలామణిలో ఉన్నాయి. ఇంతమంది రోజూ చూసే వస్తువు గురించి టీవీలో తప్పు చెబితే ఎలా ఉంటుందంటే, వరి నాట్లు వేసే ఊళ్లో నిలబడి విలేకరి 'వరి చెట్లు' అన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత అతను మద్దతు ధర గురించి ఎంత మంచి సంగతి చెప్పినా ఎవరూ వినరు.

ముందు పేరు సంగతి. 'ఏఆర్' అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆటోమేటిక్ రైఫిల్ కూడా కాదు. ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోని అక్షరాలవి. ఫెయిర్‌చైల్డ్ అనే విమానాల కంపెనీకి కాలిఫోర్నియాలో ఉన్న చిన్న విభాగం ఆర్మలైట్. 1950ల్లో అక్కడ యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు, ఉక్కూ చెక్కా తగ్గించి అల్యూమినియం, ప్లాస్టిక్ వాడుతూ తేలికపాటి రైఫిళ్లు రూపొందించాడు. 1959లో ఆర్మలైట్ ఆ డిజైన్ హక్కులను కోల్ట్ కంపెనీకి అమ్మేసింది. దాన్నే అమెరికా సైన్యం ఎం-16 పేరుతో వియత్నాంకు తీసుకెళ్లింది. 1960ల మధ్యలో కోల్ట్ అందులోంచి ఆటోమేటిక్ కాల్పుల ఏర్పాటు తీసేసి, జనానికి ఏఆర్-15 పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. 1977లో పేటెంటు గడువు తీరాక ఎవరు పడితే వారు చేయవచ్చునన్నట్టయింది. ఇప్పుడు ఏఆర్-15 ఒక కంపెనీ సరుకు కాదు, ఒక తరహా. అందుకే చాలామంది 'ఏఆర్ తరహా' అని రాస్తారు.

తప్పులన్నిటిలోకీ తుపాకీ యజమానులను ఎక్కువగా మండించేది ఆటోమేటిక్, సెమీ ఆటోమేటిక్ అన్న రెండు మాటలను కలిపేయడం. తెలుగు పాఠకుడికి ఈ తేడా పట్టుకోవడం అంత కష్టం కాదు. ఎన్‌కౌంటర్ వార్తల చివర ఘటనా స్థలంలో ఒక ఏకే-47, రెండు ఎస్‌ఎల్‌ఆర్‌లు, ఒక త్రీనాట్‌త్రీ దొరికాయని దశాబ్దాలుగా చదువుతున్నదే. త్రీనాట్‌త్రీకి ప్రతి తూటా తర్వాతా బోల్టును చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఎస్‌ఎల్‌ఆర్ పేరులోనే ఉంది, సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. పేలిన ప్రతిసారీ తర్వాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది, కానీ ప్రతి తూటాకూ ట్రిగ్గర్ మళ్లీ నొక్కాల్సిందే. ఏకే-47లో మీట మారిస్తే, నొక్కిన వేలు తీసేదాకా తూటాలు వస్తూనే ఉంటాయి. ఈ వరసలో ఏఆర్-15 స్థానం ఎస్‌ఎల్‌ఆర్ పక్కన. అదే సెమీ ఆటోమేటిక్.

లోపల జరిగేది చూస్తే తేడా ఎంత చిన్న ముక్కలో ఉందో తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు బలంతో సుత్తి లేచి ఫైరింగ్ పిన్నును కొడుతుంది, తూటా పేలుతుంది. గొట్టంలో పుట్టిన వాయువులో కొంత ఒక సన్నని నాళం గుండా వెనక్కి వచ్చి బోల్టును నెడుతుంది. ఖాళీ తొడుగు పక్కకు ఎగిరిపడుతుంది. మడమలో ఉన్న పెద్ద స్ప్రింగు బోల్టును తిరిగి ముందుకు తోస్తుంది. ఆ దారిలోనే మ్యాగజైన్‌లోని, అంటే తూటాలు పేర్చిన పెట్టెలోని, కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి కాల్చినవాడి వేలు ఇంకా ట్రిగ్గర్‌ను నొక్కే ఉంటుంది. అప్పుడు డిస్కనెక్టర్ అనే చిటికెన వేలి గోరంత కొక్కెం సుత్తిని పట్టి ఆపేస్తుంది. వేలు వదిలితే ఒక చిన్న 'టిక్' వినిపిస్తుంది, సుత్తి కొక్కెం మీంచి ట్రిగ్గర్ పట్టులోకి మారుతుంది. మళ్లీ నొక్కితేనే మళ్లీ పేలుతుంది. సైన్యపు రైఫిల్‌లో దీనికి తోడు ఇంకో చిన్న భాగం ఉండి, వేలు వదలకపోయినా సుత్తిని విడిచిపెడుతుంది. ఆ భాగం ఉన్న తుపాకీ అమెరికా చట్టంలో మెషిన్‌గన్. 1934 నుంచి దాని మీద కట్టుదిట్టమైన రిజిస్ట్రేషన్ ఉంది. 1986 తర్వాత తయారైనవి మామూలు పౌరులకు అమ్మనే అమ్మరు.

కాబట్టి టీవీలో ఎవరైనా స్టోర్‌కు వెళ్లి మెషిన్‌గన్ కొనుక్కోవచ్చన్నట్టు మాట్లాడితే అది తప్పే. 2018లో ఒక వార్తా చానల్ కార్యక్రమంలో రిటైర్డ్ సైనికాధికారి ఒకరు ఏఆర్-15 కాల్చి చూపిస్తూ 'ఫుల్ సెమీ ఆటోమేటిక్' అన్నారు. ఫుల్లూ సెమీ ఒకేసారి ఎలా అవుతుందని తుపాకీదారులు ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వడంలో తప్పులేదు. కానీ ఎస్‌ఎల్‌ఆర్ పోలికను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తే నవ్వు కాస్త తగ్గుతుంది. భారత సైన్యం దశాబ్దాల పాటు యుద్ధాలకు తీసుకెళ్లింది ఆ సెమీ ఆటోమేటిక్ ఎస్‌ఎల్‌ఆర్‌నే. ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా అన్నంత మాత్రాన అది ఆటవస్తువు కాలేదు.

'అసాల్ట్ వెపన్' అన్న మాట సంగతి ఇంకా ముదిరిన గొడవ. అసాల్ట్ రైఫిల్ అన్నది సైనిక పరిభాష. మధ్యస్థాయి తూటా వాడుతూ, కోరుకుంటే ఆటోమేటిక్‌గానూ కాల్చగల రైఫిల్ అని దాని అర్థం. అసాల్ట్ వెపన్ అన్నది అలా కాదు, చట్టాలు నిర్వచించుకున్న మాట. ఈ మాటను తుపాకీ వ్యతిరేకులు పుట్టించారని యజమానులు గట్టిగా నమ్ముతారు. అందుకు వాళ్లు చూపించే ఆధారం 1988లో వయొలెన్స్ పాలసీ సెంటర్ అనే సంస్థ ప్రచురించిన ఒక పత్రం. ఈ తుపాకుల భయంకరమైన రూపం, మెషిన్‌గన్‌లా కనిపించేదల్లా మెషిన్‌గనే అనుకునే జనం గందరగోళం, ఈ రెండూ కలిస్తే ఆంక్షలకు మద్దతు పెరుగుతుందని అందులో బాహాటంగానే రాశారు. అయోమయం నివృత్తి చేయాల్సిన పత్రికలే అయోమయాన్ని అరువు తెచ్చుకున్నాయన్న కోపానికి ఇది గట్టి ఆధారమే.

అయితే కథలో ఇంకో సగం ఉంది. 1980ల్లో తుపాకీ పత్రికలూ అమ్మకందారులూ కూడా ఈ రైఫిళ్లను 'అసాల్ట్' అన్న మాటతోనే పిలిచి అమ్ముకున్నారు. అప్పుడది మగతనం, సాహసం కలిసిన ప్రకటన భాష. 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఒకడు ఏకే తరహా రైఫిల్‌తో బడిలో అయిదుగురు పిల్లలను చంపాక, ఆ మాట గుదిబండ అయింది. 2009లో పరిశ్రమ సంఘం 'మోడ్రన్ స్పోర్టింగ్ రైఫిల్' అన్న కొత్త పేరును ప్రచారంలోకి తెచ్చింది. ఒక వర్గం భయపెట్టడానికి ఒక పేరు వాడితే, ఇంకో వర్గం బుజ్జగించడానికి ఇంకో పేరు పెట్టింది. విలేకరి మొదటిదాన్ని మానేయాలని అడిగేవాళ్లు రెండోదాన్ని వాడమని అడగడంలో పెద్ద నిజాయితీ కనిపించదు. పైగా అదే కాలంలో బుష్‌మాస్టర్ కంపెనీ తన ఏఆర్ తరహా రైఫిల్‌కు వేసిన ప్రకటన, ఇది కొంటే నీ 'మగాడి కార్డు' నీకు తిరిగి వచ్చినట్టే అన్న అర్థంలో ఉంది. స్పోర్టింగ్ అన్న మాటకూ దానికీ పొంతన ఎక్కడ? 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలను, ఆరుగురు పెద్దలను చంపినవాడు వాడింది బుష్‌మాస్టర్ రైఫిలే. ఆ కుటుంబాలు ప్రకటనల తీరు మీదే దావా వేస్తే, 2022లో 7.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

చట్టం కూడా పైకి కనిపించే రూపం మీదే ఆధారపడిందన్నది యజమానుల మరో వాదన. ఇది చాలావరకు నిజం. 1994 సెప్టెంబర్‌లో వచ్చిన ఫెడరల్ నిషేధం కొన్ని మోడళ్లను పేరు పెట్టి ఆపింది. మిగతావాటికి ఒక పరీక్ష పెట్టింది. మ్యాగజైన్ తీసి పెట్టగలిగే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు మడత మడమ, పిస్టల్ గ్రిప్, బాయ్‌నెట్ తగిలించే కొక్కెం, మంటను చెదరగొట్టే మూతి లాంటివాటిలో రెండు ఉంటే నిషేధం. ఒకటే ఉంటే ఫరవాలేదు. కంపెనీలు బాయ్‌నెట్ కొక్కెం కోసేసి, మూతి మార్చి, దాదాపు అదే రైఫిల్‌ను అమ్ముకున్నాయి. బాయ్‌నెట్‌తో పొడిచి చంపిన సామూహిక హత్య ఒక్కటైనా చూపించమని తుపాకీదారులు అడిగేది ఇందుకే. పత్రికలు మాత్రం పదేళ్లూ దాన్ని 'నిషేధం' అనే రాశాయి. ఆ చట్టంలో నిజంగా బరువున్న భాగం వేరే ఉంది. పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్ల మీద ఆంక్ష అది. ఫొటోల్లో నల్లటి రైఫిల్ కనిపించినంతగా మ్యాగజైన్ కనిపించదు కాబట్టో ఏమో, దాని గురించి చర్చ తక్కువ. 2004లో గడువు తీరి చట్టం పోయింది.

దీన్ని మళ్లీ తేవాలన్న బిల్లు పెట్టిన న్యూయార్క్ ప్రతినిధి క్యారొలిన్ మెకార్తీని 2007లో ఒక టీవీ ఇంటర్వ్యూలో 'బ్యారెల్ ష్రౌడ్' అంటే ఏమిటని అడిగారు. ఆమె బిల్లులో ఉన్న మాటే అది. కాల్చాక వేడెక్కిన గొట్టం చేతికి తగలకుండా ఉండే తొడుగు. ఆమెకు తెలియలేదు. భుజం దగ్గర పైకి లేచేదేదో అని తడబడ్డారు. ఆ చిన్న వీడియో ముక్క తుపాకీదారుల మధ్య ఇప్పటికీ తిరుగుతుంది, ఆ మాటలతో టీషర్టులు కూడా వచ్చాయి. దాంతోపాటు తిరగని సంగతి ఒకటుంది. మెకార్తీ రాజకీయాల్లోకి రాకముందు నర్సు. 1993 డిసెంబర్‌లో లాంగ్ ఐలాండ్ రైల్లో ఒకడు పిస్టల్‌తో ఆరుగురిని చంపినప్పుడు ఆమె భర్త చనిపోయాడు, కొడుకు తలకు తూటా తగిలి చావు తప్పించుకున్నాడు. హంతకుడు 15 తూటాల మ్యాగజైన్లు వాడాడు. మరోసారి మ్యాగజైన్ మార్చుకుంటుండగా ప్రయాణికులు మీదపడి పట్టుకున్నారు. పది తూటాల పరిమితి గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తొడుగు పేరు తెలియకపోవడం చట్టం రాసే మనిషిగా ఆమె లోపమే. కానీ ఆ ఒక్క తప్పుతో సంభాషణ ముగించేయడం ఇంకో రకం తెలివి. అమెరికాలో దీనికి 'గన్‌స్ప్లెయినింగ్' అన్న పేరు కూడా పుట్టింది. ఎదుటివాడు మ్యాగజైన్‌ను క్లిప్ అన్నాడు కాబట్టి ఇక అతనితో మాట్లాడక్కర్లేదు అనడం.

యజమానులకు బాగా ఇష్టమైన పోలిక ఇంకోటి. పక్కపక్కనే రెండు ఫొటోలు పెడతారు. ఒకటి నల్లటి ఏఆర్-15, ఇంకొకటి చెక్క మడమతో తాతల కాలపు వేట తుపాకీలా కనిపించే రూగర్ మినీ-14. రెండూ సెమీ ఆటోమేటిక్, రెండూ అదే తూటా, రెండింటికీ పెద్ద మ్యాగజైన్ పెట్టొచ్చు. ఒకదాన్ని చూసి హడలిపోయి, రెండోదాన్ని చూసి ఊరుకుంటారేం అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే, పత్రికల ఫొటో ఎంపిక మీద దెబ్బ కూడా సూటిగానే తగులుతుంది. కాకపోతే 1989లో మాంట్రియల్‌లోని పాలిటెక్నిక్ కాలేజీలో 14 మంది మహిళలను బలిగొన్న ఘటనలోనూ, 2011లో నార్వేలోని ఉటోయా దీవిలో 69 మందిని పొట్టనపెట్టుకున్న దాడిలోనూ హంతకుల చేతిలో ఉన్నది మినీ-14. రెండూ ఒకటే అన్న వాదన ఏఆర్-15ను నిర్దోషిగా బయటికి తీసుకురాదు, మినీ-14ను కూడా బోనెక్కిస్తుంది.

'హై పవర్డ్ రైఫిల్' అన్న మాట మీదా ఇలాంటి తగాదానే. వేటగాళ్లకు ఇది నవ్వులాట. ఏఆర్-15లో వాడే 5.56 తరహా తూటా బరువు మూడున్నర గ్రాముల చిల్లర. గొట్టం వదిలేటప్పుడు దాని శక్తి సుమారు 1,700 జౌళ్లు. జింకల వేటకు తరతరాలుగా వాడుతున్న థర్టీ ఆట్ సిక్స్ తూటా శక్తి అందుకు రెట్టింపు పైమాటే. వర్జీనియా రాష్ట్రంలో అయితే జింకను కొట్టడానికి 0.23 అంగుళాల కంటే సన్నని తూటా చట్టరీత్యా పనికిరాదు, ఏఆర్-15 మామూలు తూటా అందులోకే వస్తుంది. కాబట్టి రైఫిళ్ల ప్రపంచంలో ఇది బలమైనదేం కాదు. కానీ ఆసుపత్రిలో పోలిక వేటగాడి పోలికలా ఉండదు. అమెరికా నగరాల ఎమర్జెన్సీ వార్డుల్లోకి వచ్చే తూటా గాయాల్లో ఎక్కువ శాతం పిస్టల్ గాయాలు. మామూలు 9 ఎంఎం పిస్టల్ తూటా శక్తి 500 జౌళ్ల దగ్గర ఉంటుంది, వేగం రైఫిల్ తూటాలో దాదాపు మూడో వంతు. పిస్టల్ తూటా తన దారి వెంట రంధ్రం చేసుకుపోతుంది, దానికంటే ఎంతో వేగంగా వచ్చిన రైఫిల్ తూటా దారి చుట్టూ ఉన్న కండరాన్నీ అవయవాన్నీ చీల్చేస్తుంది. 2022 మేలో టెక్సస్‌లోని యువాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, ఆ ఊరి పిల్లల డాక్టరు ఒకాయన కాంగ్రెస్ కమిటీ ముందుకొచ్చి, ఇద్దరు పిల్లలను వాళ్ల బట్టల మీది కార్టూన్ బొమ్మలను బట్టే గుర్తుపట్టాల్సి వచ్చిందని చెప్పారు. 'హై పవర్డ్' అన్న అరిగిపోయిన మాట తీసేసి విలేకరి ఈ అంకెలూ ఈ సాక్ష్యమూ రాస్తే వార్త మరింత ఖచ్చితంగా ఉంటుంది. మరింత భయంకరంగానూ ఉంటుంది.

2016 జూన్‌లో ఆర్లాండో నైట్‌క్లబ్‌లో 49 మంది హత్య జరిగిన కొద్దిరోజులకు న్యూయార్క్ డైలీ న్యూస్ విలేకరి ఒకాయన ఫిలడెల్ఫియాలో ఏఆర్-15 కాల్చి చూసి తన అనుభవం రాశాడు. భుజం కమిలిందని, బజూకాలా ఉందని, ఆ తర్వాత కాసేపు మానసికంగా కుదేలయ్యానని. తుపాకీ లోకమంతా పగలబడి నవ్వింది. ఏఆర్-15 రైఫిళ్లలోకెల్లా తక్కువ తన్నేవాటిలో ఒకటి. తూటా చిన్నది, మడమ గొట్టానికి సూటిగా వెనకే ఉంటుంది, లోపలి స్ప్రింగు దెబ్బను మింగేస్తుంది. పదేళ్ల ఆడపిల్లలు నవ్వుతూ కాలుస్తున్న వీడియోలు తండ్రులు పెట్టారు. ఇంకా విడ్డూరం, ఆర్లాండోలో వాడింది అసలు ఏఆర్-15 కాదు, సిగ్ సావర్ ఎంసీఎక్స్ అనే వేరే రైఫిల్. ఆ విలేకరి వ్యాసం చెడ్డ జర్నలిజం, సందేహం లేదు. అయితే ఆ వీడియోలు చెప్పే సంగతి ఏమిటి? శిక్షణ లేని చిన్న చేతులు కూడా దీన్ని అదుపులో ఉంచుకుని వరసగా కాల్చగలవని. యజమాని దృష్టిలో అది సుగుణం. యువాల్డే హంతకుడి వయసు 18 ఏళ్లని గుర్తున్నవాళ్లకు అది సుగుణంలా వినిపించదు.

లెక్కల దగ్గర యజమానులు ఎక్కువ బలంగా ఉన్నారు. 2019లో ఎఫ్‌బీఐ వివరాలు సేకరించిన 13,927 హత్యల్లో పిస్టళ్లతో, రివాల్వర్లతో జరిగినవి 6,368. అన్ని రకాల రైఫిళ్లూ కలిపి 364. కత్తులతో 1,476, ఒట్టి చేతులతో, కాళ్లతో 600. రైఫిల్ హత్యలన్నీ ఏఆర్-15 ఖాతాలో వేసినా మొత్తంలో మూడు శాతం లోపే. షికాగో, బాల్టిమోర్ వీధుల్లో రోజూ పిస్టల్‌తో పోయే నల్లజాతి కుర్రాడి పేరు లోపలి పేజీల్లో కూడా రాదు, రైఫిల్ కనిపిస్తే మాత్రం వారం రోజులు మొదటి పేజీ అన్న ఆక్షేపణకు సమాధానం చెప్పడం కష్టం. తుపాకీ అంటే ఏమాత్రం గిట్టని నేరశాస్త్ర పరిశోధకులూ ఈ మాట అంటారు. ఆ పట్టికలోనే తుపాకీ రకం నమోదు కాని హత్యలు 3,281 ఉన్నాయి. యజమానులు ఆ గడిని చూపించరు. అది కలుపుకున్నా మొత్తం బొమ్మ మారదు కానీ, 364 అన్న అంకెను దేవుడి వాక్కులా వాడటం కుదరదు.

ఇక లాస్ వెగాస్, ఆర్లాండో, శాండీ హుక్, సదర్లాండ్ స్ప్రింగ్స్, యువాల్డే. జనం మరిచిపోని పేర్లలో అన్నిచోట్లా సెమీ ఆటోమేటిక్ రైఫిలే ఉంది. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని రెండు పిస్టళ్లతోనే చంపారన్నది దీనికి పెద్ద మినహాయింపు. పత్రికలు సగటు హత్యను రాయవు, అసాధారణమైన హత్యను రాస్తాయి. రోజూ జరిగే రోడ్డు ప్రమాదాలు లోపలి పేజీలో ఉండి, విమానం కూలితే పతాక శీర్షిక అయినట్టే. దాన్ని కుట్ర అనలేం, వృత్తి లక్షణం అనాలి. ఆ లక్షణానికి ఒక దుష్ఫలితం మాత్రం ఉంది. శాండీ హుక్ తర్వాత నిషేధం వార్తలు హోరెత్తిన 2012 డిసెంబర్‌లో తుపాకీ కొనుగోళ్ల కోసం ఎఫ్‌బీఐ వ్యవస్థకు వచ్చిన నేపథ్య తనిఖీలు 27.8 లక్షలు, అప్పటికి అదే రికార్డు. దొరక్కుండా పోతుందన్న టెన్షన్‌తో, అంతకుముందు ఏఆర్-15 వైపు చూడనివాళ్లు కూడా క్యూ కట్టారు.

తుపాకీదారులందరిదీ ఒకే గొంతు అనుకోవడం కూడా పత్రికల పొరపాట్లలో ఒకటే. 2017లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేలో అసాల్ట్ తరహా ఆయుధాల నిషేధాన్ని తుపాకీ ఉన్నవాళ్లలోనే 48 శాతం సమర్థించారు. టీవీ చర్చలో మాత్రం ఎప్పుడూ కనిపించేది టోపీ, గడ్డం, భుజాన రైఫిల్ ఉన్న మనిషే.

తెలుగువాళ్లకు ఈ గొడవ దూరపుది అనడానికి లేదు. 2023 మేలో డాలస్ దగ్గరి అలెన్ మాల్‌లో ఏఆర్ తరహా రైఫిల్ కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరు ఉంది. ఇక్కడి ఇళ్లకు ఆ వార్త ఏజెన్సీ కాపీ నుంచి గంటలో తర్జుమా అయి వచ్చింది. తెలుగులో ఒకే ఒక్క 'తుపాకీ' అన్న మాట నాటు తుపాకీ నుంచి ఏకే-47 దాకా అన్నిటినీ మోస్తుంది. 'తుపాకుల మోత', 'విచక్షణారహితంగా కాల్పులు' అన్న తయారు మాటల్లో ఆయుధం ఏదైనా ఒకటే. కొడుకునో కూతురినో టెక్సస్ పంపిన తల్లిదండ్రులు అక్కడ ఏది ఎవరికి ఎంత సులువుగా దొరుకుతుందో తెలుసుకోవాలంటే ఆ మోత సరిపోదు.

మాటలు ఎంత బరువైనవో కోర్టుల్లో కనిపిస్తుంది. 2017లో లాస్ వెగాస్‌లో సంగీత కచేరీ మీద కాల్పులు జరిపిన హంతకుడు వాడిన బంప్ స్టాక్, రైఫిల్ తన్నే దెబ్బనే ఉపయోగించుకుని ట్రిగ్గర్ వేలికి మళ్లీ మళ్లీ తగిలేట్టు చేసే మడమ. దాన్ని మెషిన్‌గన్ కింద లెక్కగట్టి ప్రభుత్వం నిషేధించింది. 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. తీర్పులో ట్రిగ్గర్ లోపలి సుత్తి, కొక్కెం బొమ్మలు వేసి మరీ, ఒక్కో నొక్కుకు ఒక్కో తూటానే కదా అని వివరించారు. టీవీలో విసుగనిపించే ఆ 'టిక్' తేడా మీదే జాతీయ స్థాయి నిషేధం నిలబడి పడిపోయింది. అలాగే, 2008 నుంచీ సుప్రీంకోర్టు తీర్పులు జనంలో 'సాధారణ వాడుకలో' ఉన్న ఆయుధాలకు రాజ్యాంగ రక్షణ ఉందంటున్నాయి. అందుకే 'అత్యంత ప్రజాదరణ ఉన్న రైఫిల్' అన్నది వార్తలో విశేషణం, కోర్టులో వాదన. 2025 జూన్‌లో మెక్సికో ప్రభుత్వం తుపాకీ కంపెనీల మీద వేసిన దావాను కొట్టేస్తూ జస్టిస్ ఎలీనా కేగన్, ఏఆర్-15 దేశంలోకెల్లా ఎక్కువ ఆదరణ ఉన్న రైఫిల్ అని రాశారు. ఆమె ఉదారవాద న్యాయమూర్తి. ఆ వాక్యాన్ని తుపాకీ సంఘాలు ఎలా పట్టుకున్నాయో చెప్పక్కర్లేదు.

పత్రికలు అసలేమీ వినలేదనడం కూడా తప్పే. యువాల్డే తర్వాత రెండు నెలలకు, 2022 జులైలో, వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన శైలి నియమాలు మార్చింది. అసాల్ట్ రైఫిల్, అసాల్ట్ వెపన్ అన్న మాటలు రాజకీయం పులుముకున్నవని, ఆయుధం పనితీరు గురించి పెద్దగా ఏమీ చెప్పవని, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అని రాస్తే మేలని విలేకరులకు సూచించింది. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల చట్టాల్లోనే ఆ మాట ఉంది కాబట్టి పూర్తిగా మానడం ఎవరివల్లా కాదు.

2017 నవంబర్ 5న టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో ఒకడు ఏఆర్ తరహా రూగర్ రైఫిల్‌తో 26 మందిని చంపాడు. బయటికొస్తుండగా ఆ దగ్గర్లో ఉండే ఒకాయన కాళ్లకు చెప్పులైనా లేకుండా తన ఏఆర్-15తో వచ్చి ఎదురుకాల్పులు జరిపాడు. మూడు రోజుల తర్వాత యూఎస్ఏ టుడే, ఆ రైఫిల్‌కు ఏమేం తగిలించవచ్చో చూపించే గ్రాఫిక్ ఒకటి విడుదల చేసింది. అందులో గొట్టం కింద గొలుసు రంపం బిగించిన బొమ్మ కూడా ఉంది. హంతకుడి రైఫిల్‌కు అలాంటిదేమీ లేదు. ఆ గ్రాఫిక్ ఏళ్ల తరబడి జోకులకు పనికొచ్చింది. అతని చేతికి రైఫిల్ వచ్చిన దారి వేరు. భార్యను, పసిబిడ్డను కొట్టినందుకు వైమానిక దళం అతన్ని శిక్షించింది. ఆ శిక్ష ఎఫ్‌బీఐ జాబితాకు వెళ్లి ఉంటే దుకాణంలో తుపాకీ అమ్మేవాళ్లే కాదు. వైమానిక దళం ఆ వివరం పంపలేదు. 2021లో ఫెడరల్ జడ్జి ఈ హత్యల బాధ్యతలో 60 శాతం ప్రభుత్వానిదని తేల్చారు, 2023లో ప్రభుత్వం 14.45 కోట్ల డాలర్లకు కుటుంబాలతో రాజీకి వచ్చింది.